ఈస్ట్‌కు నైట్రోజన్: వేగం వేరు, దిగుబడి వేరు

మీరు అడిగింది క్లుప్తంగా ఇదీ. ఎమ్మెస్సీ ప్రాజెక్టు కోసం బేకరీ ఈస్ట్‌ను 2 శాతం గ్లూకోజ్ ఉన్న వైఎన్‌బీ (ఈస్ట్ నైట్రోజన్ బేస్, ఈస్ట్‌కు కావలసిన విటమిన్లు, లవణాల మిశ్రమం) మీడియంలో పెంచారు. అమోనియం సల్ఫేట్‌ను లీటరుకు 1, 2, 3, 4, 5 గ్రాముల చొప్పున ఐదు ఫ్లాస్కుల్లో మార్చారు. 24 గంటల తర్వాత 600 నానోమీటర్ల దగ్గర ఓడీ (కల్చర్ ఎంత చిక్కబడిందో కాంతితో కొలిచే అంకె) తీస్తే ఐదింటిలోనూ ఇంచుమించు ఒకే అంకె. అమోనియం సల్ఫేట్‌ బదులు 5 గ్రాముల ప్రోలీన్ (ఒక అమైనో ఆమ్లం) వేసిన ఫ్లాస్కు బాగా వెనకబడింది. పొటాషియం నైట్రేట్ వేసినది మొదలైన చోటే ఆగిపోయింది. నైట్రోజన్ పెంచితే పెరుగుదల రేటు పెరగాలి కదా, ఎక్కడ పొరపాటు జరిగింది అని మీ గైడ్ అడిగారు, అదే ప్రశ్న మీరిక్కడ పెట్టారు.

పొరపాటు జరగలేదు. ఆ ఐదు ఫ్లాస్కులూ అలాగే రావాలి. చిక్కంతా ప్రశ్నలోనే ఉంది, అందులో రెండు వేర్వేరు విషయాలు కలిసిపోయాయి. నైట్రోజన్ ఎంత ఉందనేదాన్ని బట్టి ఈస్ట్ ఎంతవరకు పెరుగుతుందో తేలుతుంది. ఏ రూపంలో ఉందనేదాన్ని బట్టి ఎంత వేగంగా పెరుగుతుందో తేలుతుంది. ఫ్లాస్కులో చేసే ప్రయోగాల వరకు ఈ మాట నమ్మకంగా చెప్పొచ్చు. 24 గంటలకు ఒక్కసారి తీసిన ఓడీలో ఈ రెండూ విడివిడిగా కనబడవు.

ముందు లెక్క చూద్దాం, ఎందుకంటే మీడియం కలపడానికి ముందే కాగితం మీద ఈ ఫలితం తెలిసిపోతుంది. ఎండబెట్టిన ఈస్ట్ బరువులో నైట్రోజన్ సుమారు 8–9 శాతం. బేకరీ ఈస్ట్ శాస్త్రీయ నామం శాకరోమైసిస్ సెరివిసియే, దానికి ఓ అలవాటుంది: గ్లూకోజ్ పుష్కలంగా ఉంటే గాలి ఎంత అందినా సరే, చక్కెరలో చాలా భాగాన్ని ఇథనాల్‌గా మార్చేస్తుంది. దీన్నే క్రాబ్‌ట్రీ ప్రభావం అంటారు. దానివల్ల గ్లూకోజ్ దశలో ఒక గ్రాము గ్లూకోజ్‌కు పొడి కణాలు 0.1 నుంచి 0.15 గ్రాములే వస్తాయి. మీ మీడియంలో లీటరుకు 20 గ్రాముల గ్లూకోజ్ ఉంది కాబట్టి 2–3 గ్రాముల కణాలు. వాటికి కావలసిన నైట్రోజన్ సుమారు 160 నుంచి 270 మిల్లీగ్రాములు. అమోనియం సల్ఫేట్‌లో నైట్రోజన్ 21.2 శాతం, అంటే మీ 1 గ్రాము ఫ్లాస్కులోనే 212 మిల్లీగ్రాములు ఉంది. 5 గ్రాముల ఫ్లాస్కులో 1,060 మిల్లీగ్రాములు. మీ పరిధిలో అన్నిటికన్నా తక్కువ మోతాదే గ్లూకోజ్ దశ అవసరానికి దాదాపు సరిపోయింది. పైన వేసినదంతా వాడకుండా మిగిలిపోయిన నైట్రోజన్. వరిమడికి కావలసిన యూరియా పడ్డాక ఇంకో బస్తా చల్లినా గింజ పెరగదని రైతుకు తెలుసు, అప్పుడు అడ్డు పడేది నీరో జింకో ఇంకొకటో. మీ ఫ్లాస్కుల్లో అడ్డుపడింది గ్లూకోజ్.

ఒక చిన్న మినహాయింపు. గ్లూకోజ్ అయిపోయాక ఈస్ట్ తాను చేసిన ఇథనాల్‌నే తిరిగి తిని నెమ్మదిగా ఇంకా పెరుగుతుంది. ఆ కణాలకూ నైట్రోజన్ కావాలి. మీడియంకి బఫర్ (పీహెచ్‌ను నిలకడగా ఉంచే పదార్థం) ఉండి, 48–72 గంటలు చూస్తే మీ 1 గ్రాము ఫ్లాస్కు మిగతావాటికన్నా కిందే ఆగిపోవచ్చు. 24 గంటలకు ఆ తేడా తేలడం కష్టం.

ఇప్పుడు వేగం సంగతి. పుస్తకాల్లో మోనో సమీకరణం ఉంటుంది: పోషకం గాఢత పెరిగేకొద్దీ పెరుగుదల రేటు పెరిగి, ఒక గరిష్ఠం దగ్గర నిలకడ పడుతుంది. మీ గైడ్ మనసులో ఉన్నది ఈ వక్రరేఖ మొదటి సగం. ఆ సగం నిజమే, కాకపోతే అది ఏ గాఢతల దగ్గర ఉందన్నది చూడాలి. ఈస్ట్ కణపొర మీద అమోనియంను లోపలికి తెచ్చే ప్రోటీన్లు మూడున్నాయి, మెప్1, మెప్2, మెప్3. వీటిలో మెప్2 సగం వేగంతో పనిచేయడానికి 1–2 మైక్రోమోలార్ అమోనియం చాలు. మెప్1కు 5–10 మైక్రోమోలార్. మెప్3 మాత్రం మిల్లీమోలార్ స్థాయిలో పనిచేస్తుంది. మీ 1 గ్రాము ఫ్లాస్కులో ఉన్న అమోనియం 15 మిల్లీమోలార్, అంటే 15,000 మైక్రోమోలార్. మెప్2 అవసరానికి వేల రెట్లు. 5 గ్రాముల దాంట్లో 75 మిల్లీమోలార్. రెండూ వక్రరేఖ చదునుగా ఉన్న భాగంలోనే, చాలా లోపలికి, ఉన్నాయి.

మోతాదు బాగా తగ్గించి లీటరుకు 0.05 గ్రాములే వేసినా అమోనియం 760 మైక్రోమోలార్ ఉంటుంది. అప్పుడూ మొదటి గంటల్లో వేగం తగ్గదు. ఆ ఫ్లాస్కు కూడా మిగతావాటితో సమానంగా పరుగెత్తి, నైట్రోజన్ చివరి చుక్క దాకా ఒకే వాలుతో ఎక్కి, ఆ తర్వాత వంగిపోతుంది. అందుకే ఒక ఫ్లాస్కులో అమోనియం గాఢతకూ వేగానికీ సంబంధం కొలవాలని చూసేవాళ్ళకు దొరికేది వంపు ఎప్పుడొచ్చిందన్న సమాచారం మాత్రమే. 

గాఢతకూ వేగానికీ ఉన్న సంబంధమే కావాలంటే దారి కీమోస్టాట్. దీన్ని 1950లో జాక్ మోనో ఒకవైపు, ఆరన్ నోవిక్, లియో సిలార్డ్ ఇంకోవైపు విడివిడిగా ప్రతిపాదించారు. తాజా మీడియం ఒక స్థిరమైన వేగంతో లోపలికి వస్తూ, అంతే వేగంతో కల్చర్ బయటికి పోతూ ఉంటుంది. స్థిరస్థితి వచ్చాక పెరుగుదల రేటు ఆ డైల్యూషన్ రేటుకు సమానమవుతుంది. మీడియంలో నైట్రోజన్‌ను మాత్రమే కొరతగా ఉంచితే, మీరు పంపు తిప్పిన వేగానికే ఈస్ట్ పెరుగుతుంది, లోపల మిగిలే అమోనియం అతి స్వల్పం. ఎమ్మెస్సీ ప్రాజెక్టుకు ఇది అవసరం లేదు. వైవాలో 'మరి రేటుకీ గాఢతకీ సంబంధం ఎలా కొలుస్తారు' అని అడిగితే చెప్పాల్సిన జవాబు మాత్రం ఇదే.

మీ ప్రోలీన్ ఫ్లాస్కు అసలు ఆసక్తికరమైనది, నా దృష్టిలో మీ ప్రాజెక్టుకు ప్రాణం అదే. 5 గ్రాముల ప్రోలీన్‌లో నైట్రోజన్ 12.2 శాతం లెక్కన సుమారు 608 మిల్లీగ్రాములు. మీ 1 గ్రాము అమోనియం సల్ఫేట్ ఫ్లాస్కులో ఉన్నదానికి దాదాపు మూడింతలు! అయినా వెనకబడింది. కొరత వల్ల కాదని ఈ ఒక్క పోలికతోనే రుజువైంది.

ఎందుకు వెనకబడిందో తెలియాలంటే, కణం పెరగడం అంటే లోపల ఏం జరుగుతుందో చూడాలి. ఈస్ట్ పొడి బరువులో దాదాపు సగం ప్రోటీన్లు. ప్రోటీన్లు చేసేవి రైబోజోములు. వేగంగా పెరుగుతున్న ఒక ఈస్ట్ కణంలో సుమారు 2 లక్షల రైబోజోములుంటాయి. అది సుమారు 100 నిమిషాలకు రెండింతలు కావాలంటే నిమిషానికి 2,000 చొప్పున కొత్త రైబోజోములు తయారవుతూ ఉండాలి. ఆ సమయంలో కణంలో జరిగే ఆర్‌ఎన్‌ఏ తయారీలో 60 శాతం దాకా రైబోజోమ్ ఆర్‌ఎన్‌ఏ ఒక్కదానికే పోతుంది. ఆర్‌ఎన్‌ఏకూ నైట్రోజన్ కావాలి, ప్రోటీన్‌కూ కావాలి. అందుకే నైట్రోజన్ లోపలికి వచ్చే వేగం తగ్గగానే కణం అన్నిటికన్నా ముందు కోత పెట్టేది రైబోజోముల తయారీకి. రైబోజోములు తగ్గితే పెరుగుదల వేగం తగ్గుతుంది.

ఏ రూపంలో ఇచ్చినా నైట్రోజన్ చివరికి రెండు ద్వారాల గుండానే కణం సొంత పనులకు వెళ్తుంది, గ్లుటమేట్, గ్లుటమిన్ అనే రెండు అమైనో ఆమ్లాలు. కణంలోని నైట్రోజన్‌లో సుమారు 85 శాతం గ్లుటమేట్ నుంచి, మిగతా 15 శాతం గ్లుటమిన్ అమైడ్ నుంచి వస్తుంది. కాబట్టి ఏ నైట్రోజన్ మూలాన్ని చూసినా అడగాల్సింది ఒకటే: ఇది గ్లుటమేట్, గ్లుటమిన్ కావడానికి ఎన్ని మెట్లు, ఎంత ఖర్చు?

గ్లుటమిన్ నేరుగా ఇస్తే పని సులువు. అమోనియం అయితే ఆల్ఫా కీటోగ్లుటరేట్‌తో కలిపి, ఎన్‌ఏడీపీహెచ్ (కణం నిర్మాణ పనులకు ఎలక్ట్రాన్లు అందించే అణువు) ఖర్చు పెట్టి గ్లుటమేట్ చేయాలి, దాన్నుంచి గ్లుటమిన్ చేయడానికి ఒక ఏటీపీ (కణానికి శక్తినిచ్చే అణువు). ఆ తర్వాత ఇరవై అమైనో ఆమ్లాలూ సొంతంగా కట్టుకోవాలి. ఈస్ట్ ఎక్స్‌ట్రాక్ట్, పెప్టోన్ ఉన్న వైపీడీలో అమైనో ఆమ్లాలు సిద్ధంగా దొరుకుతాయి, కట్టే పని తప్పుతుంది. అందుకే 30 డిగ్రీల దగ్గర వైపీడీలో ప్రయోగశాల స్ట్రెయిన్లు (ఒకే ఈస్ట్‌లోని వేర్వేరు వంశాలు) సుమారు 90 నిమిషాలకు రెండింతలవుతాయి. గ్లూకోజ్, అమోనియం మాత్రమే ఉన్న మీడియంలో అది 2 నుంచి 2.5 గంటలకు పెరుగుతుంది. ప్రోలీన్ ఒక్కటే ఉంటే స్ట్రెయిన్‌ను బట్టి 4 గంటల చుట్టుపక్కలకు, కొన్నిటిలో ఇంకా పైకి పోతుంది.

ప్రోలీన్ దారి పొడవు. లోపలికొచ్చాక మైటోకాండ్రియాలోకి వెళ్ళాలి. అక్కడ పుట్1 అనే ఎంజైమ్ దాన్ని ఆక్సీకరిస్తుంది, ఆ ఎలక్ట్రాన్లు శ్వాసక్రియ గొలుసుకు పోతాయి. పుట్2 దాన్ని గ్లుటమేట్‌గా మారుస్తుంది. గ్లుటమేట్ వచ్చేసింది కదా అనుకుంటే, గ్లుటమిన్‌కు విడి అమ్మోనియా కావాలి. అది ఎక్కడా లేదు కాబట్టి ఉన్న గ్లుటమేట్‌నే కొంత విరగ్గొట్టి అమ్మోనియా తెచ్చుకోవాలి. ఇదంతా గాలి మీద ఆధారపడిన దారి. మీరు 250 మిల్లీలీటర్ల ఫ్లాస్కులో 100 మిల్లీలీటర్లు పోసి నెమ్మదిగా షేక్ చేసి ఉంటే ప్రోలీన్ ఫ్లాస్కుకు జరిగిన నష్టం అమోనియం ఫ్లాస్కుకు జరగదు. ఫ్లాస్కు పరిమాణంలో ఐదో వంతుకు మించి పోయకండి. ద్రాక్షరసంలో ప్రోలీన్ సమృద్ధిగా ఉన్నా వైన్ తయారయ్యాక అది దాదాపు అలాగే మిగిలిపోవడానికి కారణం ఇదే, గాలి లేని తొట్టిలో ఈస్ట్ దాన్ని వాడుకోలేదు.

నైట్రేట్ సంగతి ఇంకా సూటిగా ఉంటుంది. శాకరోమైసిస్ సెరివిసియేకి నైట్రేట్‌ను లోపలికి తెచ్చుకునే ప్రోటీనూ లేదు, నైట్రేట్ రిడక్టేజ్, నైట్రైట్ రిడక్టేజ్ ఎంజైములూ లేవు. ఎన్నాళ్ళుంచినా పెరగదు. అన్ని ఈస్ట్‌లూ ఇలాగే ఉంటాయనుకోవద్దు. ఒకప్పుడు క్యాండిడా యుటిలిస్ అని పిలిచిన సైబర్లిండ్నెరా జాడినీ, ఒగాటియా పాలిమార్ఫా నైట్రేట్ మీద పెరుగుతాయి. మొక్కలకు నైట్రేట్ మంచిది కాబట్టి ఈస్ట్‌కూ మంచిదే అనుకుని మొదలుపెట్టే విద్యార్థులు చాలామంది ఉంటారు, మీరు ఆ ఫ్లాస్కు పెట్టడం మంచిదే అయింది. ఎలాగంటే, వైఎన్‌బీ రెండు రకాలుగా దొరుకుతుంది. లీటరుకు 6.7 గ్రాములు వేసే డబ్బాలో 5 గ్రాముల అమోనియం సల్ఫేట్ ముందే కలిసి ఉంటుంది. అది లేని డబ్బా లీటరుకు 1.7 గ్రాములు వేస్తారు. చాలా ప్రాజెక్టులు మొదటి డబ్బా వాడి, దానిపైన మళ్ళీ అమోనియం సల్ఫేట్ కలిపి, తేడా రాలేదని బాధపడతాయి. మీ నైట్రేట్ ఫ్లాస్కు పెరగలేదంటే మీరు సరైన డబ్బానే వాడారు, ఇనాక్యులంతో (మొదట్లో ఫ్లాస్కులో వేసిన ఈస్ట్‌తో) వచ్చిన నైట్రోజన్ కూడా పెద్దగా లేదు. ఆ ఫ్లాస్కును 'విఫలం' అని రాయకండి. అది మీ నైట్రోజన్ లేని కంట్రోల్.

యూరియా ప్రయత్నించలేదు మీరు, పెట్టండి. నైట్రోజన్ 46.6 శాతం, ఖర్చు తక్కువ. ఈస్ట్‌కు యూరియాను నేరుగా విరగ్గొట్టే యూరియేజ్ ఎంజైమ్ లేదు, దాని బదులు యూరియా అమిడోలయేజ్ అనే ఎంజైమ్ ఉంది. అది ఏటీపీని, బయోటిన్‌ను వాడుకుని యూరియాను విరగ్గొడుతుంది. వైఎన్‌బీలో బయోటిన్ లీటరుకు 2 మైక్రోగ్రాములు ఉంటుంది కాబట్టి ఇబ్బంది లేదు. మన దేశంలో చెరకు మొలాసిస్ నుంచి ఆల్కహాల్ తీసే డిస్టిలరీల్లో యూరియా, డీఏపీ (డైఅమోనియం ఫాస్ఫేట్) కలుపుతారు, మొలాసిస్‌లో ఈస్ట్ వాడుకోగల నైట్రోజన్ తక్కువ కాబట్టి. చెరకు మొలాసిస్‌లో బయోటిన్ దండిగా ఉండటం యూరియాకు కలిసొచ్చింది. వైన్‌లో మాత్రం యూరియా వేయరు. యూరియా ఇథనాల్‌తో కలిసి ఇథైల్ కార్బమేట్ అవుతుంది, దాన్ని మనుషుల్లో బహుశా క్యాన్సర్ కలిగించే పదార్థాల జాబితాలో పెట్టారు.

ఇక్కడ ఈస్ట్ ఎంత జాగ్రత్తగా ఎంచుకుంటుందో చెప్పకుండా ఉండలేను. మంచి నైట్రోజన్, నాసి నైట్రోజన్ రెండూ కలిపి ఇస్తే రెంటినీ ఒకేసారి తినదు. గ్లుటమిన్, ఆస్పరజిన్, అమోనియం లాంటివి ఉన్నంతసేపూ ప్రోలీన్, అలాంటాయిన్, యూరియా వాడే జన్యువులను మూసి ఉంచుతుంది. దీన్నే నైట్రోజన్ క్యాటబొలైట్ రెప్రెషన్ అంటారు. జీఎల్‌ఎన్3 అనే ప్రోటీన్ కేంద్రకంలోకి వెళితే ఆ జన్యువులు తెరుచుకుంటాయి. మంచి నైట్రోజన్ ఉన్నప్పుడు యూఆర్‌ఈ2 అనే ఇంకో ప్రోటీన్ దాన్ని బయటే పట్టి ఉంచుతుంది. పైన ఉండి ఈ సంకేతాలను కలిపి చూసేది టార్ సముదాయం, రాపమైసిన్ అనే మందు ఆపేది దాన్నే. ప్రోలీన్ మీద పెరుగుతున్న కల్చర్‌లో కొంచెం గ్లుటమిన్ వేస్తే నిమిషాల్లో మార్పు మొదలవుతుంది. జీఎల్‌ఎన్3 కేంద్రకం వదిలి బయటికొస్తుంది. కణపొర మీద ఉన్న గ్యాప్1 అనే అమైనో ఆమ్లాల రవాణా ప్రోటీన్‌కు యుబిక్విటిన్ అనే చిన్న గుర్తు ప్రోటీన్ అతుక్కుంటుంది, కణం దాన్ని పొర నుంచి లోపలికి లాగేసి, వాక్యూల్‌లో (నిల్వకూ, విరగ్గొట్టడానికీ వాడే సంచిలో) విరగ్గొట్టేస్తుంది. నాసి తిండి కోసం పెట్టుకున్న తలుపును పీకి పారేయడమే అది. అమోనియం ఎంత గట్టిగా ఈ తలుపులు మూయిస్తుందన్నది స్ట్రెయిన్‌ను బట్టి మారుతుంది, అందుకే వేర్వేరు పేపర్లలో అమోనియం గురించి చదివి తికమక పడకండి.

దీనివల్ల మీ ప్రయోగంలో ఒక ఆచరణాత్మక ఫలితం ఉంది. ఇనాక్యులంను వైపీడీలో పెంచి నేరుగా ప్రోలీన్ ఫ్లాస్కులో వేస్తే కణాలు ముందు ఆ తలుపులు కట్టుకోవాలి. ఆ ఆలస్యం లాగ్ దశగా కనబడుతుంది, 24 గంటల ఓడీలో మాత్రం అది 'నెమ్మది పెరుగుదల' లాగే ఉంటుంది. ఏ నైట్రోజన్ మీద కొలవాలో దాని మీదే ముందు ఒక రాత్రి పెంచి, దాన్నుంచి ఇనాక్యులేట్ చేయండి.

నైట్రోజన్ అయిపోయిన క్షణంలో ఏం జరుగుతుందో కూడా మీ ప్రాజెక్టులో చూపొచ్చు, దానికి ఖరీదైన పరికరం అక్కర్లేదు. బయట అమోనియం సున్నా అయినా కణాలు వెంటనే ఆగవు. వాక్యూల్‌లో దాచుకున్న ఆర్జినైన్ వగైరాలతో ఒకటి రెండు విభజనలు కొనసాగిస్తాయి. అదీ చాలకపోతే తమ సొంత ప్రోటీన్లను, రైబోజోములను మూటగట్టి వాక్యూల్‌కు పంపి కరిగించుకుంటాయి. ఈ పనినే ఆటోఫజీ అంటారు, అది ఎలా జరుగుతుందో యోషినొరి ఒసుమి కనుగొన్నదీ ఇలాంటి ఈస్ట్‌లోనే. వాక్యూల్‌లో ప్రోటీన్లను విరగ్గొట్టే ఎంజైములు లేని మ్యూటెంట్లను పోషకాలు లేని మీడియంలో పెట్టి, కొన్ని గంటల్లో వాక్యూల్ నిండా కదలాడే చిన్న చిన్న గోళాలు పేరుకోవడం మామూలు మైక్రోస్కోప్‌లోనే చూశారు. ఆ పనులు 1992 నుంచి వెలువడ్డాయి, 2016లో నోబెల్ వచ్చింది.

మీరు చూడగలిగేది మొగ్గలు. వేగంగా పెరిగే కల్చర్ నుంచి ఒక చుక్క స్లైడు మీద వేస్తే చాలా కణాలకు పక్కన చిన్నదో పెద్దదో మొగ్గ ఉంటుంది. నైట్రోజన్ అయిపోయిన కల్చర్‌లో కణాలు తమ చక్రంలో జీ1 దశలో, మొగ్గ వేయకముందే ఆగుతాయి. స్లైడు నిండా మొగ్గలేని ఒంటరి గుండ్రటి కణాలే కనబడతాయి. గంటకోసారి రెండు వందల కణాలు లెక్కపెట్టి మొగ్గలున్నవి ఎంత శాతమో గ్రాఫ్ గీయండి. ఓడీ కన్నా అది నిజాయితీగా చెబుతుంది.

ఓడీని ఇక్కడ ఎందుకు అనుమానించాలంటే, నైట్రోజన్ లేక విభజన ఆగిపోయినా గ్లూకోజ్ ఇంకా ఉంటే కణాలు దాన్ని గ్లైకోజన్, ట్రెహలోజ్‌గా దాచుకుంటూ పోతాయి. కణాల సంఖ్య పెరగదు, ఓడీ మాత్రం మెల్లగా పెరుగుతుంది. హీమోసైటోమీటర్‌లో (కణాలు లెక్కపెట్టే గళ్ళ స్లైడులో) లెక్కపెట్టినవాళ్ళకు తేడా తెలుస్తుంది. అయోడిన్ ద్రావణం ఒక చుక్క కలిపితే గ్లైకోజన్ నిండిన కణాలు ఎర్రటి గోధుమ రంగుకు తిరుగుతాయి, నైట్రోజన్ చాలినంత ఉన్న కల్చర్‌తో పక్కపక్కన పెట్టి ఫొటో తీయండి, థీసిస్‌లో బాగుంటుంది.

పీహెచ్ గురించి మీ ప్రశ్నలో ఎక్కడా లేదు, అది నన్ను కొంచెం ఆందోళన పెట్టింది. అమోనియంను వాడుకున్నకొద్దీ కణం ప్రోటాన్లను బయటికి వదులుతుంది. వైఎన్‌బీకి బఫర్ సామర్థ్యం తక్కువ. 5.4 దగ్గర మొదలైన మీడియం మర్నాటికి 3 కిందికి దిగిపోవడం మామూలే. ప్రోలీన్, యూరియా ఫ్లాస్కుల్లో అంత దిగదు. బఫర్ లేకుండా మూలాలను పోలిస్తే సగం పీహెచ్‌నే పోలుస్తున్నట్టు అవుతుంది. సక్సినేట్ గానీ పొటాషియం హైడ్రోజన్ థాలేట్ గానీ వేసి 5 దగ్గర నిలపండి, చివర్లో ప్రతి ఫ్లాస్కు పీహెచ్ కొలిచి టేబుల్‌లో పెట్టండి.

ఇక ప్రయోగం మళ్ళీ చేసేటప్పుడు. ప్యాకెట్ ఈస్ట్‌ను నేరుగా వేయకండి, ప్లేటు మీద గీసి ఒక కాలనీ తీసుకోండి. ఇనాక్యులంను నైట్రోజన్ లేని వైఎన్‌బీతో రెండుసార్లు కడగండి. మోతాదు ప్రయోగంలో అమోనియం సల్ఫేట్ లీటరుకు 0, 0.05, 0.1, 0.2, 0.5, 1, 5 గ్రాములు పెట్టండి. మొదటి ఓడీ 0.05 ఉండేలా చూసి, అరగంటకో ముప్పావుగంటకో ఒకసారి చదవండి. 0.5 దాటిన ప్రతి శాంపిల్‌ను పలుచన చేసి చదివి గుణించండి, అంతకుపైన ఓడీ కణాల సంఖ్యతో సరళరేఖలో వెళ్ళదు. 24 గంటలకు మీ ఐదు ఫ్లాస్కులూ ఒకే అంకె చూపడంలో పలుచన చేయకపోవడం పాత్ర కూడా ఉండొచ్చు. అమోనియం సల్ఫేట్ తగ్గిస్తే సల్ఫేట్ కూడా తగ్గుతుందిగా అని ఎవరైనా అడగొచ్చు. వైఎన్‌బీలో మెగ్నీషియం సల్ఫేట్ లీటరుకు 0.5 గ్రాములు ఉంది, సల్ఫర్‌కు లోటు రాదు.

ఓడీకి సహజ లాగరిథమ్ తీసి కాలంతో గీస్తే సరళరేఖ భాగం వాలే పెరుగుదల రేటు. 0.693ను దాంతో భాగిస్తే రెండింతలయ్యే సమయం. ఇప్పుడు రెండు గ్రాఫులు వేయండి. అడ్డంగా నైట్రోజన్ మోతాదు, నిలువుగా వాలు: ఇది దాదాపు చదునుగా వస్తుంది. అడ్డంగా అదే మోతాదు, నిలువుగా చివరి పొడి బరువు: ఇది మొదట నిటారుగా ఎక్కి, ఒక చోట వంగి, చదునవుతుంది. వంగిన చోటు మీ మీడియంలో నైట్రోజన్ కొరత ముగిసి గ్లూకోజ్ కొరత మొదలైన చోటు. ఎక్కే భాగం వాలు ఒక గ్రాము నైట్రోజన్‌కు ఎన్ని గ్రాముల ఈస్ట్ వస్తుందో చెబుతుంది. 8–9 శాతం లెక్కన 11–12 గ్రాములు రావాలి, మీకు అంతకన్నా ఎక్కువే రావచ్చు. కొరతలో పెరిగిన కణాల్లో ప్రోటీన్ తగ్గి గ్లైకోజన్ పెరగడమే దానికి కారణం. పొడి బరువుతో పాటు కణాల సంఖ్య కూడా ఉంటే ఈ మాట డేటాతోనే నిరూపించొచ్చు.

రెండో ప్రయోగం రూపాల మీద. ఇక్కడ గ్రాములు సమానం చేయకండి, మోల్స్ కూడా కాదు, నైట్రోజన్ పరమాణువులు సమానం చేయండి. లీటరుకు 10 మిల్లీమోల్స్ నైట్రోజన్ అనుకుంటే అమోనియం సల్ఫేట్ 0.66 గ్రాములు, గ్లుటమిన్ 0.73, యూరియా 0.30, ప్రోలీన్ 1.15 గ్రాములు. గ్లుటమిన్ వేడికి విరిగిపోతుంది, ఆటోక్లేవ్ చేయకుండా ఫిల్టర్ చేసి కలపండి. ఈసారి వాలుల్లో తేడా కనబడుతుంది, అదే మీ ప్రాజెక్టు ముఖ్య ఫలితం అవుతుంది.

ఇదంతా పరిశ్రమలో ఎందుకు పనికొస్తుందో ఒక పేరా రాయమని గైడ్ అడిగితే వైన్‌ను ఎంచుకోండి, అక్కడ ఈ విషయం మీద ఉన్నంత పని ఇంకెక్కడా లేదు. ద్రాక్షరసంలో ఈస్ట్ వాడుకోగల నైట్రోజన్ లీటరుకు సుమారు 140 మిల్లీగ్రాముల కన్నా తక్కువైతే ఫర్మెంటేషన్ నడిమధ్యలో మందగించే ప్రమాదం ఉందని వైన్ తయారుచేసేవాళ్ళ లెక్క. చక్కెర ఎక్కువున్న రసానికి ఇంకా ఎక్కువ కావాలి. ఈస్ట్ బతికే ఉంటుంది, చక్కెర కూడా ఉంటుంది, అయినా లోపలికి తీసుకోదు. నైట్రోజన్ లేక కొత్త ప్రోటీన్లు ఆగిపోయి, పొర మీద చక్కెర రవాణా ప్రోటీన్లు క్షీణిస్తాయి. దానికితోడు కుళ్ళిన గుడ్ల వాసన. సల్ఫేట్ నుంచి తయారైన సల్ఫైడ్‌ను పట్టుకుని మెథియోనిన్‌గా మార్చే అణువు తయారీకి నైట్రోజన్ కావాలి, అది లేకపోతే సల్ఫైడ్ హైడ్రోజన్ సల్ఫైడ్‌గా బయటికి పోతుంది. అందుకని డీఏపీ వేస్తారు, లీటరుకు ఒక గ్రాము డీఏపీకి 212 మిల్లీగ్రాముల నైట్రోజన్. ఎప్పుడు వేశామన్నది ఎంత వేశామన్నంత ముఖ్యం. ఆల్కహాల్ బాగా పెరిగాక వేస్తే ఈస్ట్ దాన్ని సరిగా తీసుకోలేదు, మిగిలినదాన్ని తర్వాత పాడుచేసే సూక్ష్మజీవులు తింటాయి. డిస్టిలరీలో అతిగా వేసినా నష్టమే, చక్కెర ఆల్కహాల్ కావడం మాని ఈస్ట్ కణాలుగా మారుతుంది.

చివరిగా ఒక హెచ్చరిక. ఈసారి బేకరీ ఈస్ట్ బదులు డిపార్ట్‌మెంటులో ఉన్న బీవై4741 లాంటి ప్రయోగశాల స్ట్రెయిన్ వాడదామనిపించొచ్చు. దానికి హిస్టిడిన్, ల్యూసిన్, మెథియోనిన్, యురాసిల్ బయట నుంచి ఇవ్వాలి. వాటిలోనూ నైట్రోజన్ ఉంది, కొన్నిటిని ఈస్ట్ నైట్రోజన్ మూలంగా వాడుకుంటుంది కూడా. మీ 'సున్నా' ఫ్లాస్కు సున్నా కాకుండా పోతుంది, ల్యూసిన్ చాలక ఆగిన పెరుగుదలను నైట్రోజన్ చాలక ఆగిందనుకునే ప్రమాదమూ ఉంది. ఏ అమైనో ఆమ్లం అవసరం లేని మీ బేకరీ ఈస్ట్‌నే కొనసాగించండి. మొదటి మోతాదు ప్రయోగం అయ్యాక గంటవారీ ఓడీ, చివరి పీహెచ్, ఫ్లాస్కులో ఎంత పోశారో, షేకర్ వేగం ఎంతో ఇక్కడ పెట్టండి, సరళరేఖ భాగం ఎక్కడ మొదలై ఎక్కడ ముగిసిందో కలిసి చూద్దాం.